నావపైబల్లయు నావికుని పాదమును

మన సంఘ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు నీ సంచికకు చరిత్రవిషయకమైన వ్యాస మొకటి వ్రాసి పంపవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము గోరియున్నారు. కులచరిత్ర యనగానే గోత్రములు, బిరుదములు, శాసనములు, దానధర్మములు జ్ఞప్తికి వచ్చుట సహజము. అవి యన్నియు వ్రాయదగినవియే. అయినను నీటిని నమ్మి బ్రతికిన మనవంటివారికి రాతిపై జెక్కబడిన చరిత్ర యొకటియు, కొయ్యపై నడచిన చరిత్ర మఱియొకటియు గలవు. మొదటిదానిని పండితులు శ్రమపడి వెలికిదీసిరి. రెండవదానిని పట్టించుకొన్నవారు తక్కువ. ఓడ యెంత పొడవు గలది, దాని కెన్ని తెరచాపకొయ్యలు, అది యెంత సరకు మోసెను అను సంగతులు గ్రంథములలో దొరకును. ఆ యోడపై మనుజుడు జాఱిపడక యెట్లు నిలిచెను అను ప్రశ్నకు సమాధానమును మాత్ర మిక్కడ నొకముక్క, అక్కడ నొకముక్క యేఱుకొనవలసినదే. మే మీ వ్యాసమున నా ప్రశ్ననే చేపట్టితిమి. నేడు డెక్కు అని వ్యవహరింపబడు తట్టును పైబల్ల యని పేర్కొందుము.

ఇది చిన్నవిషయ మని చదువరులు తలపరాదు. వానతుంపరయు, అలజల్లును, చేపల జిగురును, ఇంజనునుండి కాఱిన నూనెయు గలిసిన పైబల్లపై రాత్రివేళ వల లాగుచున్నవాని కాలు ఒక్క జానెడు జాఱినచో వాడు సముద్రమున బడును. ఈతయం దెంత నేర్పరియైనను, చీకటిలో వలత్రాళ్లనడుమ బడినవానిని మఱల పడవ కెక్కించుట దుష్కరము. వానిపై నాధారపడిన సంసారము గతి వేఱుగ జెప్పనక్కఱలేదు. ఇంతటి యాపదకు గారణము తుఫాను గానక్కఱలేదు. నున్నగా మెఱయు రంగుపూత చాలును. పడవ కే రంగు వేయవలెనో నిర్ణయించువాడు యజమాని. అతడు పగటివేళ, ఒడ్డున, పొడినేలపై నిలిచి నిర్ణయించును. ఆ నిర్ణయఫలము ననుభవించువాడు కళాసి. అతడు చీకటిలో, నడిసముద్రమున, తడిబల్లపై ననుభవించును. మన సంఘమున నీ యిరువురును సభ్యులే, ఒకే పంక్తిని గూర్చుండి భుజించువారే. కావున నీ వ్యాసము నిరువురును జదువవలెనని మా కోరిక.

మన తీరమున నతిప్రాచీనమైన వాహనము తెప్ప. తేలికజాతి దుంగలను జేర్చి కొబ్బరిపీచుత్రాటితో బిగించి కట్టుటయే దాని నిర్మాణము. క్రీస్తుశకము మొదటిశతాబ్దమున నొక గ్రీకు నావికుడు వ్రాసిన ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్ అను గ్రంథమున మన తూర్పుతీరపు నౌకలను బేర్కొనుచు, దుంగలను జేర్చికట్టిన సంగర యను నావలను వర్ణించియున్నాడు. మచిలీపట్టణప్రాంతమైన మసాలియా దేశమును గూడ నందు స్మరించెను. తెప్పకు పైబల్ల లేదు, దుంగలే పైబల్ల. వానికి రంగు లేదు. దుంగకును దుంగకును నడుమ సందు లుండుటచే నెక్కిన యల యెక్కినట్లే దిగిపోవును, నీరు నిలువదు. తడిసి, ఎండి, ఉప్పుచే గరుకుదేఱిన కొయ్యను వట్టికాలు గట్టిగ బట్టుకొనును. ఒడ్డు చేరినపిమ్మట కట్లు విప్పి దుంగలను ఇసుకపై నారబెట్టుట యాచారము. దుంగ నీరు పీల్చి బరువెక్కకుండుటకే యిది చేయుదురు. అయినను దీనివలన నాచు పట్టకుండుట యను రెండవలాభమును గలిగెను. నీరు నిలువరాదు, తట్టు గరుకుగ నుండవలెను, దానిపై జిగురు పేరుకొనరాదు అను మూడు సూత్రములును తెప్పయందే కలవు. వీనిని సూత్రములుగ నెవ్వరును వ్రాయలేదు. పాదము నేర్చినది, చేయి యాచరించినది.

మసూలా పడవయు నట్టిదే. ఇనుపమేకులు లేక, పలకలను కొబ్బరిపీచుత్రాటితో గుట్టి, కుట్ల లోపల పీచు దట్టించి కట్టుదురు. అలలు విఱిగిపడుచోట మేకులు గొట్టిన పడవ పగిలిపోవును. కుట్టిన పడవ సాగి వంగి నిలుచును. మద్రాసునకు రేవు లేని దినములలో పెద్దయోడలనుండి ప్రయాణికులను, సరకును ఒడ్డునకు జేర్చినవి ఈ పడవలే. దీనికిని పైబల్ల లేదు. తెడ్లు వేయువారు అడ్డబల్లలపై గూర్చుండిరి. కాలు నిలుపవలసిన చోట కొయ్యను కొయ్యగనే విడిచిరి.

దూరదేశములకు బోయిన పెద్దయోడలు మనవారికి లేకపోలేదు. శాతవాహనుల నాణెములపై రెండుకొయ్యల యోడ ముద్రింపబడియున్నది. 1244వ సంవత్సరమున కాకతీయ గణపతిదేవచక్రవర్తి మోటుపల్లి రేవున వేయించిన యభయశాసనము ప్రసిద్ధము. గాలివానలో జిక్కి తీరమునకు గొట్టుకొనివచ్చిన యోడలలోని సొత్తును రాజులు స్వాధీనపఱచుకొను పూర్వాచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము మాత్రమే గైకొందుమని యా ప్రభువు వర్తకులకు మాట యిచ్చెను. ధర్మమనిన నిదియే. కాని యా శాసనము వర్తకుని ధనమునకు అభయ మొసగినది. ఓడపై నిలిచిన కళాసి పాదమునకు అభయ మిచ్చు శాసనము నే రాజును వేయింపలేదు. అది యోడ గట్టిన వడ్రంగి చేతిలోను, దానిని నడపిన సరంగు జాగ్రత్తలోను నుండెను.

సంస్కృతమున నౌకానిర్మాణమును గూర్చి చెప్పిన గ్రంథములలో ముఖ్యము భోజరాజకృతమని చెప్పబడు యుక్తికల్పతరువు. అందు కొయ్యను నాలుగుజాతులుగ విభజించి యేది నావకు దగునో చెప్పబడినది. సముద్రమున నడచు నావ పలకలను ఇనుముతో గూర్పరాదనియు, కూర్చినచో నయస్కాంతశిలలు దాని నాకర్షించుననియు వ్రాయబడినది. రంగులను గూర్చియు నందు నియమము గలదు: నాలుగుకొయ్యల నావకు తెలుపు, మూడుకొయ్యలదానికి ఎఱుపు, రెండుకొయ్యలదానికి పసుపు, ఒక్కకొయ్యదానికి నీలము. నావ ముందుకొనను సింహము, గజము, సర్పము, వ్యాఘ్రము మున్నగువాని యాకృతులతో నలంకరింపవచ్చును. స్వర్ణరజతాదులతో శోభింపజేయవచ్చును.

మే మీ భాగమును పలుమాఱు చదివితిమి. రాజున కుచితమైన శాస్త్ర మిది. దూరమునుండి చూచువాడు నావ యెంతటిదో రంగునుబట్టి తెలిసికొనును. 2008 నవంబరు ముంబయి దాడుల పిమ్మట మన తీరరాష్ట్రములలో వేటపడవలకు రాష్ట్రమున కొకరంగు చొప్పున నిర్ణయింపబడుటయు నీ న్యాయముననే. కాపలాదారు దూరమునుండి గుర్తింపవలెను గదా. కావున పడవ యొడలికి వేయు రంగు కన్నుల కొఱకు. కాని పైబల్లకు వేయు రంగు కన్నుల కొఱకు గాదు, పాదముల కొఱకు. ఈ భేదమును మఱచి, ఒడలికి వేసిన మెఱుగురంగునే మిగిలినదిగదా యని పైబల్లకును బూయుటయే నేటి మన రేవులలో దఱచుగ గానవచ్చు దోషము. మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. తక్కిన చరిత్ర మంతయు దీనికి సాక్ష్యము.

పూర్వులు పూత నెఱుగనివారు గారు. కాని వారు పూసినది నీటిలో మునుగు భాగమునకు. రుద్రమదేవి పరిపాలించిన మోటుపల్లిరాజ్యమును ప్రశంసించిన మార్కోపోలో, తాను జూచిన తూర్పుదేశపు టోడలకు కీలు లేమిచే సున్నమును, తఱిగిన జనుపనారను, ఒక చెట్టునూనెను గలిపి దంచి పూయుదురని వ్రాసెను. మన తీరమున గుగ్గిలమును నూనెయు, చేపనూనెయు, తరువాతికాలమున తారును వాడుకకు వచ్చినవి. వీని ప్రయోజనము కొయ్యను నీటినుండియు పురుగునుండియు గాపాడుట. కాలు మోపుచోట నూనె పూసినచో జాఱుదు మని చిన్నపిల్లవాడును నెఱుగును.

పాశ్చాత్యుల పెద్దయోడలలో పైబల్ల విశాలమైనది. దానిపై వందలమంది నివసించిరి. ఇంగ్లీషు నౌకాదళమువారు పైబల్లకు రంగు వేయక, ప్రతిదినము తడియిసుక చల్లి, మెత్తని ఇసుకరాతిముక్కలతో రుద్దించెడివారు. నావికులు మోకాళ్లపై వంగి రుద్దవలసివచ్చుటచే నా రాతికి పవిత్రశిల యను పరిహాసనామము గలిగెనని చెప్పుదురు. దానివలన పైబల్ల తెల్లనై యందముగ నుండుటయేగాక, పట్టిన జిడ్డును నాచును బోయి కొయ్యగరుకు మఱల పైకి దేలుచుండెను. యుద్ధమునకు ముందు పైబల్లపై నిసుక చల్లుట గూడ వారి నియమము. తడిచేతను నెత్తుటిచేతను ఫిరంగివాండ్ర కాళ్లు జాఱకుండుటకై యట్లు చేసిరి. ఇసుక పాదమునకు బట్టునిచ్చునన్న సంగతి నాడే తెలిసినది. దానిని పైబల్లపై నిలుపు జిగురు మాత్ర మింకను లభింపలేదు.

ఇట్టి పైబల్లలకు మన దేశపు టేకు మిక్కిలి పేరుగన్నది. టేకులో సహజముగ నూనె యుండుటచే రంగు లేకున్నను చివుకదు. తడిసినను పాదమునకు బట్టు నిచ్చును. బొంబాయి నౌకాశాలలో పారసీకులైన వాడియావంశపు నిర్మాతల చేతిమీదుగ 1817లో జలప్రవేశము చేసిన ట్రింకోమలీ యను టేకు యుద్ధనౌక నేటికిని ఇంగ్లండున హార్టిల్‌పూలు రేవులో నీటిపై దేలుచున్నది. టేకు పైబల్ల గలవా రెవ్వరైనను దానిపై వార్నీషు పూయరాదు. తడిసిన వార్నీషు మంచుగడ్డవలె నుండును. మెత్తని కుంచెతో, కొయ్యనారకు అడ్డముగ, ఉప్పునీటితో గడుగుట చాలును. నార వెంబడి గట్టిగ రుద్దినచో మెత్తనిభాగము లేచిపోయి బల్ల గాడులుపడును. రాతితో దఱచుగ రుద్దుటవలన బల్లలే యఱిగిపోవుచున్నవని 1931లో అమెరికా నౌకాదళమువా రా పద్ధతిని మానిపించిరి.

మన తెలుగుతీరమున నోడలపనికి పేరుగన్న చోటు కోరంగి. కాకినాడకు దక్షిణమున గోదావరిపాయ యొడ్డుననున్న యీ రేవు 1789లోను, మఱల 1839 నవంబరులోను వచ్చిన యుప్పెనలచే దెబ్బతిని పూర్వవైభవమును గోల్పోయెను. అయినను దాని పేరు సముద్రము దాటినది: బర్మాదేశమున తెలుగువారిని కోరంగీలని పిలుచుట వాడుక. పనికై రంగూను బోయిన మనవారిలో నధికులు డెక్కు ప్రయాణికులు. గదికి సొమ్ము లేనివారు పైబల్లమీదనే పండి, వండుకొని, వానకు దడిసి, వాంతులకు గుంది దాటిరి. వారికి పైబల్ల నడవదగిన నేల మాత్రమే కాదు, ఇల్లు గూడ. ఓడల చరిత్రలో పైబల్లకు స్థాన మేల యని యడుగువారు దీనిని తలంపవలెను.

ఇక పైబల్లకు రంగు వచ్చిన కథ. చిన్నపడవలకు టేకు పఱచుట ఖరీదైన పని. చౌకకొయ్యను బఱచినచో సందులగుండ నీరు కాఱును. కావున పాశ్చాత్యులు చౌకకొయ్యపై మందపుగుడ్డను బిగించి, దానిని రంగుతో దడిపి యంటించి, పైన పలుచగ మఱల రంగు పూసిరి. ఈ గుడ్డ పైబల్ల నీరు కాఱనీయదు. గుడ్డనేతయే గరుకు నిచ్చి పాదమును నిలుపును. పద్ధతి మంచిదియే. కాని యేటేట రంగు వేయుచు బోవగా నేతసందులు నిండి, తట్టు పలకవలె నున్నగ నయ్యెడిది. అప్పుడు పడుట మొదలు. తెలిసినవారు పైబల్లకు రంగును పలుచగ వేయుడు, నేతను బూడ్చకుడు అని హెచ్చరించెడివారు. పడవ క్రొత్తదై యుండగా జాఱనిది, రంగు వేసిన కొలది జాఱుట కిదియే హేతువు. పూతపై పూత గరుకును సమాధి చేయును. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు మఱల నక్కఱకు వచ్చును.

పిదప నుక్కు వచ్చెను. మన విశాఖపట్టణమున సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారి చేతిమీదుగ జల ఉష యను నోడ జలప్రవేశము చేసెను. ఉక్కునకు రంగు లేక తప్పదు, లేనిచో తుప్పు దినివేయును. కొయ్యవలె నుక్కు నీటిని పీల్చదు. రంగు పూసిన యుక్కుపై నీరు సన్ననిపొరగ నిలుచును. పాదమునకును రంగునకును నడుమ నీ పొర యుండుటయే జాఱుడునకు మూలము. నూనెయో చేపజిగురో తోడైనచో పొర మఱింత దట్టమగును. దీనికి విరుగు డొక్కటే: ఆ పొరను జీల్చి పైకి నిలుచు చిన్నచిన్న మొనలు. అవి నీటిని దాటి పాదమును దాకును. మొనలనడుమ పల్లములు నీటికి దారి యిచ్చును. నాడు యుద్ధమునకు ముందు చల్లిన యిసుకయే యిప్పుడు రంగులో స్థిరనివాస మేర్పఱచుకొనినది. నేడు విమానములు దిగు నౌకల పైబల్లలపైనను ఇట్టి గరుకుపూతయే యుపయోగింపబడుచున్నది.

ఇచట మనకు గర్వింపదగిన విషయ మొకటి కలదు. గరుకుపూతలలో మిక్కిలి గట్టిదియైన పలుకు అల్యూమినియము ఆక్సైడు. ఆ పదార్థమునకు ఇంగ్లీషువారి వ్యవహారమున కొరండమను పేరు గలదు. ఆ పేరు మన దక్షిణదేశపు భాషలనుండియే వారికి బోయినది. సంస్కృతమున కురువిందము, తెలుగునను కురువిందమే, తమిళమున కురుందము. మన రత్నపుపనివారు కురువిందపుపొడిని లక్కలో గలిపి సానచక్రములు చేసిరి. పలుకును జిగురుతో బంధించి గరుకుతట్టు చేయుట యను యుక్తి మన సానవానికి జిరపరిచితము. లక్కకు బదులు రంగు వచ్చినది, చక్రమునకు బదులు పైబల్ల వచ్చినది. 1891లో అమెరికాలో ఎడ్వర్డు ఆచిసన్ కొలిమిలో కృత్రిమముగ కార్బోరండము చేసినప్పటినుండి యిట్టి కఠినపుపలుకులు యంత్రశాలలనుండియే విరివిగ లభించుట కారంభించెను.

నేటి మన పడవలలో పెక్కులు కొయ్యవియు గావు, ఉక్కువియు గావు, ఫైబరువి. 1980 ప్రాంతమున బ్రవేశించి, 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ పిమ్మట మఱింత విరివియైనవి. ఫైబరు పడవకు అచ్చులోనే పైబల్లపై చిన్నచిన్న గళ్లగరుకు పోయుదురు. అచ్చునుండి వచ్చినప్పు డది చక్కగ బట్టు నిచ్చును. కాని కాలక్రమమున గళ్లు కొంత యఱుగును; అఱిగినదానిపై యజమాని మెఱుగురంగు వేయించును; మిగిలిన గళ్లు నిండును. గుడ్డ పైబల్ల కథయే యిక్కడ మఱల జరుగుచున్నది. నూఱేండ్లక్రింద పరదేశపు పల్లెకారులు నేర్చిన పాఠమును మనము క్రొత్తగ, కాళ్లు విఱుగగొట్టుకొని నేర్వవలసిన పనిలేదు.

కావున మఱల రంగు వేయువేళ నెట్టి గరుకును ఎన్నుకొనవలెనో విచారింతము. మార్గములు ముఖ్యముగ నాలుగు. మొదటిది, తడిరంగుపై పలుకును జల్లుట. రెండవది, పలుకును రంగులోనే కలిపి పూయుట. మూడవది, చిక్కని రంగును గరుకు రోలరుతో దొర్లించి యెగుడుదిగుడుగ నిలుపుట. నాలుగవది, రబ్బరుచాపలను అంటించుట. చాప కాలికి హాయియైనది. కాని ఖరీదైనది, అంచు లేచినచో దానిక్రింద నీరు చేరి కొయ్యను జివికించును, లేచిన యంచు తట్టుకొని పడుదురు. గరుకు రోలరుపూత చూపునకు నీటైనది. కాని మొనలు గుండ్రనివి గావున జిడ్డుపై బట్టు తక్కువ. రంగులో గలిపిన పలుకు త్వరగ నడుగునకు దిగును. కుండను క్షణక్షణము కలుపుచుండనిచో నొకచోట గరుకును, ఒకచోట నున్నయు నగును. ఇట్టి పూత యన్నిటికంటె నపాయకరము. పాదము పట్టు దొరకు నని నమ్మి యడుగు వేయును, అచట పట్టుండదు. చల్లుడుపద్ధతి కొంచెము శ్రమతో గూడినదైనను, సమముగ వచ్చును, సామాన్యులకు జేతనైనది. మా యభిప్రాయమున మన పడవలకు అదియే యుత్తమము.

పలుకులలోను భేదములు గలవు. నదీయిసుక చౌక, సముద్రపుటిసుక వాడరాదు. దానిలోని యుప్పు చెమ్మను లాగి రంగును బొబ్బలెక్కించును. నదీయిసుకను గూడ మంచినీట గడిగి, ఎండబెట్టి, జల్లించి, బొంబాయిరవ్వ పరిమాణముగల పలుకునే తీసికొనవలెను. కురువిందపుపలుకు చిరకాలము మన్నును. కాని దాని మొనలు మిక్కిలి వాడియైనవి. ప్లాస్టికుపూసలు తేలికయై రంగులో మునుగక నిలుచును, గుండ్రనివగుటచే కాలికి మెత్తన. అయితే త్వరగ నఱుగును. విదేశములలో అక్రోటుకాయల పెంకుల పొడిని వాడువారు కలరు. కొందఱు తడిరంగుపై పంచదార చల్లి, రంగు గట్టిపడిన పిదప నీటితో గడిగి కరగించి, మిగిలిన గుంటలనే గరుకుగ బెట్టుకొందురు. ఈ పద్ధతి సముద్రముపై కంటె ఇంటిముంగిట నెక్కువ ఫలించు నని మా యూహ. మన యెండలకు పంచదారకంటె చీమలు ముందు చేరును.

ఈ యెన్నికలో మనకు ముఖ్యమైన సంగతి యొకటి కలదు. విదేశపు పుస్తకములును, రంగుడబ్బాలపై నున్న సూచనలును బూట్లు దొడిగిన నావికుని మనసులో బెట్టుకొని వ్రాసినవి. మన కళాసులలో బహుళసంఖ్యాకులు వట్టికాళ్లతో బనిచేయుదురు. బూటునకు బట్టునిచ్చు కురువిందపుమొన వట్టికాలిని గోసివేయును. మోకాలు మోపినచో దోలు లేచును. పైన లాగిన వలనూలు దానికి దగిలి తెగును. కాబట్టి పైబల్ల యంతటను ఒకేవిధమైన గరుకు వలదు. నిలిచి వల లాగుచోట, పక్కగోడల వెంబడి నడచుదారిని, మెట్లపైన, లంగరు దించు ముందుకొనయందును నడికరుకు వేయవలెను. వల కుప్పవేయుచోటను చేపలు వేఱుచేయుచోటను సన్నగరుకు చాలును. ముదురుగరుకు పల్లములలో చేపజిగురు చేరి కడుగుటకు వీలుగాక దుర్గంధ మిచ్చుటయేగాక జాఱుడునకు మఱల గారణ మగును. నీరు పాఱు కాలువలవెంబడి, త్రాళ్లు చుట్టు గుంజలచుట్టు, మూతల యంచులను రెండంగుళముల మేర నున్నగనే విడువవలెను. నీరు సులభముగ దిగును, త్రాళ్లు ఒరసి తెగవు, కంటికి దారియు గానవచ్చును.

రంగు విషయమున గూడ పాదమునే యడుగవలెను. ముదురునీలము, నలుపు, ముదురాకుపచ్చ మధ్యాహ్నపు టెండకు పెనమువలె గాలును. శుద్ధమైన తెలుపు కన్నుల మిఱుమిట్లు గొలుపును. లేతబూడిదరంగును, గంధపురంగును రెండింటికిని నడుమవి. పైపూత మెఱుగు లేనిదై యుండుట మేలు.

పని చేయువిధమును సంగ్రహముగ జెప్పుదుము. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవలకు వేటనిషేధ ముండును. పడవలు ఒడ్డున నుండు నీ దినములే రంగునకు దగినవి. మొదట సబ్బునీటితో జిడ్డు పోవువఱకు గడిగి, మంచినీటితో నుప్పు తీసి, చక్కగ నారనీయవలెను. నీరు పీల్చిన కొయ్య యారుటకు దినములు పట్టును, తొందర తగదు. లేచిన రంగును గీకి, మిగిలినదానిని ఉప్పుకాగితముతో రుద్దవలెను. పాతయుక్కుపడవల యడుగుపూత సిందూరముతో జేసినదై యుండవచ్చును. సిందూరము సీసము; దాని ధూళి విషము. ముక్కునకు గుడ్డ మాత్రము చాలదు, తగిన ముసుగు ధరించి, తడిపి రుద్దవలెను. పిల్లలను దూరముగ నుంచవలెను. ఫైబరుధూళియు ఊపిరితిత్తులకు కీడు చేయునదే.

పగుళ్లను లప్పముతో నింపి, కొయ్య, ఉక్కు, ఫైబరు అను వస్తువునకు దగిన ప్రైమరు వేయవలెను. పిదప గరుకు వలదన్న చోట్ల కాగితపుపట్టీ యంటించి, ఒక పూత రంగును గొంచెము దట్టముగ వేసి, అది తడిగ నుండగనే పలుకును జల్లెడతో ధారాళముగ జల్లవలెను. లోభింపరాదు; రంగు కానరానంతగ జల్లవలెను. కావలసినంత యది పట్టుకొనును. పూర్తిగ నారిన మఱునాడు, పట్టని పలుకును మెత్తని చీపురుతో నూడ్చి, జల్లించి దాచుకొనవచ్చును. దానిపై నొకటి రెండు పలుచనిపూతలు వేసినచో పలుకు రంగులో బిగియును. మూడవపూత వేయరాదు, ముందు జెప్పిన సమాధి యచటనే యారంభమగును. మిట్టమధ్యాహ్నము కాలుచున్న యుక్కుపైనను ఫైబరుపైనను రంగు వేసినచో బుడగ లెత్తును. మంచు ఆరిన యుదయకాలమును, ఎండ తగ్గిన సాయంకాలమును దగినవి. సాయంకాలమున వేసినచో రాత్రిమంచు కురియకముందే పైపొర గట్టిపడవలెను. రెండుడబ్బాల రంగు గలిపినచో నది కుండలోనే గడ్డకట్టును గాన, అప్పటి కక్కఱయైనంతయే కలుపవలెను.

పరీక్ష లేక యే గరుకును నమ్మరాదు. జానెడు వెడల్పు, రెండుమూరల పొడవుగల పలకలను మూడింటిని తీసికొని, ఒకదానికి మెఱుగురంగు, ఒకదానికి సన్నగరుకు, ఒకదానికి నడికరుకు వేసి యారబెట్టుడు. వానిపై నీరును, ఒకింత చేపజిగురును బోయుడు. పలక నొకకొనను మెల్లగ నెత్తుచు, కళాసి వట్టికాలు దానిపై మోపి, ఎంత వాలున జాఱునో చూడుడు. ఆ పిమ్మట నదేపలకపై పాతవలముక్కను లాగి, నూలు తెగునో లేదో చూడుడు. ఈ రెండు పరీక్షలందును నెగ్గిన పలకయే మీ పడవకు దగినది. ఖర్చు స్వల్పము; ఏ యంగడివాని మాటయు, మా మాటయు గూడ దీనికి సాటిరావు.

ఇంత చెప్పి, సంఘమునకు మూడు విన్నపములు చేయుదుము. పడవల యజమానులైన సోదరులకు: పైబల్ల రంగు నెన్నుకొనుటకు ముందు దానిపై నిలుచు కళాసి నడుగుడు. ఒడలిరంగు మీ యిష్టము. పైబల్లపై మాత్ర మతని పాదమునకు మొదటి మాట యిండు. కళాసులైన సోదరులకు: నున్నపడిన చోటును యజమానికి జూపుటకు జంకవలదు; అది ఫిర్యాదు గాదు, పడవను గాపాడుటయే. మహారాజపోషకులకు: సత్రములు గట్టించితిరి, విద్యార్థులకు వేతనము లొసంగితిరి, సంఘకార్యాలయమున గరుకుపలకల నమూనాలను, జల్లెడలను, ధూళిముసుగులను ఉంచి, పేదవారి చిన్నపడవలకు పలుకును ఉచితముగ నిప్పింపుడు. ఒక పడవ పైబల్లకు బట్టు పలుకు వెల యా పడవరంగు వెలలో నత్యల్పభాగము. మోటుపల్లిశాసనము వర్తకుని సొత్తునకు అభయ మొసగినది. మన సంఘమువా రీ వేటనిషేధకాలమునందే కళాసి పాదమునకు అభయ మొసంగుదురు గాక. గంగమ్మ పైకి బోయిన ప్రతిబిడ్డయు తన కాళ్లపై నడచి యిల్లు చేరు గాక.

స్వస్తి.